ముంచేసిన సరస్సు, పుట్టిన పార్టీ: టాస్మానియా గ్రీన్స్ కథ



పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. "అన్నా, గ్రీన్ పార్టీలంటే కడుపు నిండినోళ్ళ పార్టీలే కదా. చెట్టు అంటారు, పిట్ట అంటారు, పులి అంటారు. మనిషి సంగతి అడిగితే మొహం తిప్పుకుంటారు. వాళ్ళ చరిత్ర మనకెందుకు?" ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం ఏమిటో చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. టీ పెట్టుకుని కూర్చోండి.

గ్రీన్ పార్టీ అనగానే మనకు జర్మనీ గుర్తొస్తుంది. జర్మనీలో ఆ పార్టీ పుట్టింది 1980లో. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, ఆస్ట్రేలియా ఖండానికి దక్షిణాన ఉన్న ఒక దీవిలో, ఎన్నికల్లో నిలబడ్డ మొదటి గ్రీన్ పార్టీ పుట్టింది. ఆ దీవి టాస్మానియా. దేశం కాదు, ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం. విస్తీర్ణం సుమారు 68 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. జనాభా ఇప్పటికీ ఆరు లక్షల లోపే. మన దగ్గర రెండు అసెంబ్లీ నియోజకవర్గాల జనం అక్కడ ఒక రాష్ట్రం.

గ్రీన్స్ గురించి రాసిన చరిత్రలు చాలా వరకు 1972లో ఒక సరస్సు దగ్గర మొదలవుతాయి. నేను అక్కడ మొదలుపెట్టను. అంతకుముందు ఆ నేల ఎవరిదో చెప్పకుండా ఆ సరస్సు ఎవరిదో చెప్పలేం.

ఆ దీవిలో మనుషులు సుమారు నలభై వేల ఏళ్ళుగా ఉన్నారు. 1803లో బ్రిటిష్ వాళ్ళు రిస్డన్ కోవ్ దగ్గర దిగారు. ఏడాది తిరక్కముందే, 1804 మే 3న, అటుగా వచ్చిన మూలవాసుల గుంపు మీద సైనికులు తుపాకులు పేల్చారు. ఎంతమంది చనిపోయారన్న దాని మీద ఈనాటికీ తగువే. చచ్చినవాళ్ళ లెక్క చంపినవాళ్ళ రిజిస్టర్‌లో ఉంటే అంతే మరి. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఈ లెక్కల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

1820ల్లో గొర్రెల మేత కోసం వలస వచ్చినవాళ్ళు భూములు ఆక్రమించుకుంటూ పోయారు. మూలవాసులు ఎదురుతిరిగారు. దాన్ని 'బ్లాక్ వార్' అంటారు. 1830లో గవర్నర్ ఆర్థర్ రెండు వేల మందికి పైగా సైనికుల్ని, రైతుల్ని, ఖైదీల్ని దీవికి అడ్డంగా వరస నిలబెట్టి, అడవి పందుల్ని వలలోకి తోలినట్టు మనుషుల్ని ఒక మూలకు తోలబోయాడు. ఆ వరసకు చిక్కింది ఇద్దరే. తుపాకులతో కానిది తర్వాత మాటలతో చేశారు. నమ్మించి, మిగిలినవాళ్ళను ఫ్లిండర్స్ దీవిలోని వైబలెన్నా అనే క్యాంపుకు తరలించారు. జబ్బులతో, బెంగతో అక్కడ రాలిపోయారు. 1847లో మళ్ళీ పెద్ద దీవికి తెచ్చేనాటికి మిగిలింది 47 మంది.

1876లో ట్రుగనిని అనే ఆమె చనిపోయింది. ఈమెతో టాస్మానియా జాతి అంతరించింది అని తెల్లవాళ్ళు ప్రకటించేశారు. ఆమె అస్థిపంజరాన్ని హోబర్ట్ మ్యూజియంలో 1947 దాకా జనం చూడ్డానికి పెట్టారు. అంతరించింది అన్నది అబద్ధం. సీల్ వేటగాళ్ళు ఎత్తుకుపోయిన ఆడవాళ్ళ సంతానం బాస్ జలసంధి దీవుల్లో బతికే ఉంది. ఈరోజు తమను పలావా అని పిలుచుకునేవాళ్ళలో చాలామంది వాళ్ళ వారసులే. మనిషి ఎదురుగా నిలబడి "నేనున్నాను" అంటుంటే, "లేదు, నువ్వు చచ్చిపోయావు, మ్యూజియంలో బొమికలు ఉన్నాయి చూసుకో" అన్నది ఆ రాష్ట్రం. అంటరానితనం ఇప్పుడెక్కడుందండీ అని మన మొహం మీదే అడిగేవాళ్ళు మనకూ ఉన్నారు కదా, ఆ బాపతు.

ఈ చరిత్రను గుర్తుపెట్టుకోండి. మళ్ళీ ఇక్కడికే వస్తాను.

ఇప్పుడు కరెంటు. టాస్మానియాలో వానలు బాగా పడతాయి, కొండలున్నాయి, నదులున్నాయి. 1930లో హైడ్రో ఎలక్ట్రిక్ కమిషన్ ఏర్పడింది. జనం దాన్ని 'హైడ్రో' అనేవాళ్ళు. (హైదరాబాద్ హైడ్రా వేరు, ఇది వేరు. పేరు కలిసింది, పద్ధతి కూడా అక్కడక్కడా కలుస్తుంది.) దీవిలో ప్రభుత్వం కంటే హైడ్రోయే పెద్దది అని జనం అనుకునే స్థాయికి అది ఎదిగింది. ఎక్కడ డ్యామ్ కట్టాలో హైడ్రో చెప్పేది, పార్లమెంటు తల ఊపేది. లేబర్ పార్టీ ప్రీమియర్ ఎరిక్ రీస్‌కు 'ఎలక్ట్రిక్ ఎరిక్' అనే పేరే పడిపోయింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. డ్యామ్ వద్దు, కరెంటు వద్దు అని ఎవరైనా మాట్లాడితే నాకు చప్పున కోపం వస్తుంది. మా వాడకు కరెంటు స్తంభాలు ఊరి తర్వాత ఎన్నో ఏళ్ళకు వచ్చాయి. కిరసనాయిలు బుడ్డి ముందు చదివిన కళ్ళు ఇవి. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న బాబాసాహెబ్ దామోదర్ లోయ ప్రాజెక్టుకు పునాది వేసినవాళ్ళలో ఒకరు. చౌక కరెంటు లేకుండా పరిశ్రమలు రావు, పరిశ్రమలు లేకుండా పేదరికం పోదు అన్నది ఆయన లెక్క. నేను అర్థం చేసుకున్నంతలో, పరిశ్రమ వస్తే తప్ప మనవాళ్ళకు ఊరి దొర చేను నుంచి విడుదల లేదు అన్నది కూడా ఆ లెక్కలో ఉంది. కాబట్టి డ్యామ్ వద్దనేవాడు ముందు మన ప్రశ్నకు జవాబు చెప్పాలి. సరే, మరి పేదవాడి ఇంట్లో దీపం సంగతేంటి?

టాస్మానియాలో ఆ ప్రశ్నకు జవాబు వేరుగా ఉంది. 1960ల నాటికి ఇళ్ళకు కరెంటు వచ్చేసింది. హైడ్రో తయారుచేసే కరెంటులో సింహభాగం జింకు, అల్యూమినియం, కాగితం ఫ్యాక్టరీల్లాంటి కొద్దిమంది పెద్ద కస్టమర్లకు చౌక ధరకు పోయేది. కొత్త డ్యామ్ కడితే కొత్త ఫ్యాక్టరీ వస్తుంది, ఉద్యోగాలొస్తాయి అనేది వాగ్దానం. డ్యామ్ కట్టినన్నాళ్ళూ నిజంగానే ఉద్యోగాలు ఉండేవి. కట్టడం అయిపోతే? ఇంకో డ్యామ్ కట్టాలి. ఆ చక్రం ఆగకూడదు.

అలా తిరిగి తిరిగి ఆ చక్రం పెడ్డర్ సరస్సు దగ్గరికి వచ్చింది. నైరుతి కొండల మధ్య ఉన్న చిన్న సరస్సు. దాని ఒడ్డున గులాబీ రంగు ఇసుక. వేసవిలో ఆ ఇసుక ఎంత గట్టిగా, ఎంత వెడల్పుగా ఉండేదంటే దాని మీద చిన్న విమానాలు దిగేవి. 1955లో ప్రభుత్వమే దాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించింది. 1967లో హైడ్రో ప్లాన్ బయటికొచ్చింది: సరస్సును ముంచేసి సుమారు 240 చదరపు కిలోమీటర్ల రిజర్వాయర్ చెయ్యాలి. నేషనల్ పార్కు హోదా ఎత్తేశారు. 'పెడ్డర్' అన్న పేరు కూడా ఒక చీఫ్ జస్టిస్‌ది. ఆ తెల్ల జడ్జి పేరును 1835లో ఒక సర్వేయర్ ఆ నీళ్ళకు తగిలించాడు. అంతకుముందు వేల ఏళ్ళు దాన్ని ఏమని పిలిచారో అడిగినవాడు లేడు.

1971లో లేక్ పెడ్డర్ యాక్షన్ కమిటీ పెట్టారు. పిటిషన్లు, సభలు, ఊరేగింపులు అన్నీ అయ్యాయి. లేబర్ వాళ్ళు ముంచుతాం అన్నారు, లిబరల్స్ కూడా ముంచుతాం అన్నారు. రెండు పెద్ద పార్టీలూ ఒక మాట మీదుంటే ఓటరు ఎవరికి వెయ్యాలి? 1972 మార్చి 23న హోబర్ట్ టౌన్ హాల్‌లో జరిగిన సభలో, మనమే నిలబడదాం అని తీర్మానించారు. దాని పేరు యునైటెడ్ టాస్మానియా గ్రూప్. అధ్యక్షుడు రిచర్డ్ జోన్స్, టాస్మానియా యూనివర్సిటీలో వృక్షశాస్త్రం మనిషి. పేరులో 'గ్రీన్' లేదు. అప్పటికి ఆ మాట రాజకీయాల్లోకి ఇంకా రాలేదు. రెండు నెలల తర్వాత న్యూజిలాండ్‌లో వాల్యూస్ పార్టీ పుట్టింది. కాబట్టి 'ప్రపంచంలో మొదటిది' అన్న కీర్తి రెండు నెలల తేడాతో టాస్మానియాకు దక్కింది.

సభ జరిగిన నెలకే, ఏప్రిల్ 22న ఎన్నికలు. పన్నెండు మందిని నిలబెట్టారు. 3.9 శాతం ఓట్లు వచ్చాయి, సీటు రాలేదు. ముప్పై రోజుల పార్టీకి అది తక్కువేమీ కాదు. వాళ్ళు రాసుకున్న ప్రణాళిక పేరు 'న్యూ ఎథిక్', కొత్త నీతి. అందులో సరస్సు గొడవ ఒక్కటే లేదు. ఏ జీవజాతినీ అంతరించనివ్వకుండా బతకాలని ఉంది. చట్టాలు చెయ్యడంలో కోరుకున్న ప్రతి ఒక్కరికీ పాలు ఉండేలా కొత్త వ్యవస్థలు కట్టుకోవాలని ఉంది. మనిషి తన పనికి తనే పరాయివాడు కాకూడదని కూడా ఉంది. చివరి దానిలో మార్క్స్ వాసన తగిలితే తప్పు నా ముక్కుది కాదు.

ఆ ఏడాదే ఒక దారుణం జరిగింది. బ్రెండా హీన్ అనే ఆమె ఈ ఉద్యమంలో ముందుండేది, ఎన్నికల్లో నిలబడింది కూడా. ఆకాశంలో పొగతో 'పెడ్డర్‌ను కాపాడండి' అని రాయించాలని, మాక్స్ ప్రైస్ అనే పైలట్‌తో కలిసి 1972 సెప్టెంబర్ 8న టైగర్ మాత్ అనే పాతకాలపు చిన్న విమానంలో రాజధాని కాన్‌బెర్రాకు బయల్దేరింది. విమానం మళ్ళీ కనిపించలేదు. శకలాలు కూడా దొరకలేదు. విమానం ఉంచిన షెడ్డులోకి ముందు ఎవరో చొరబడ్డారన్న మాట వచ్చింది. ఎవరన్నది ఈ రోజుకీ తేలలేదు. 1973లో ఫెడరల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసి, డబ్బు మేమిస్తాం, పని ఆపండి అని కూడా అడిగింది. రీస్ వినలేదు. సరస్సు మునిగింది. మునిగిన చోట ఏర్పడ్డ రిజర్వాయర్‌కు కూడా 'లేక్ పెడ్డర్' అనే పేరు ఉంచారు. చంపినవాడి ఇంటికి చచ్చినవాడి పేరు పెట్టినట్టు.

యునైటెడ్ టాస్మానియా గ్రూప్ 1976 దాకా పది ఎన్నికల్లో పోటీ చేసి, ఒక్కటీ గెలవకుండా కనుమరుగైంది. 1975లో సెనేట్‌కు దాని తరఫున నిలబడి ఓడిపోయినవాళ్ళలో ఒక యువ డాక్టరు ఉన్నాడు. పేరు బాబ్ బ్రౌన్. అతని గురించి చెప్పేముందు 'గ్రీన్' అన్న మాట సంగతి చూద్దాం. మన తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇందులో ఉంది.

ఆ మాట యూనివర్సిటీలో పుట్టలేదు. సిడ్నీలో బిల్డింగ్ కూలీల యూనియన్‌లో పుట్టింది. 1971 నుంచి న్యూ సౌత్ వేల్స్ బిల్డర్స్ లేబరర్స్ ఫెడరేషన్, జాక్ మండే నాయకత్వంలో, పార్కులను, పాత పేటలను కూల్చే పనులకు మా కూలీలు రారు అని బహిష్కరణ ప్రకటించింది. సమ్మెలో చేసే 'బ్లాక్ బ్యాన్'కు బదులు వీటిని 'గ్రీన్ బ్యాన్' అన్నారు. మండే కమ్యూనిస్టు. ఇటుకలు మోసే మనిషికి ఏం కట్టాలి, ఏం కూల్చాలి అన్న దాని మీద మాట ఉండాలన్నది ఆయన వాదం. సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో మూలవాసుల ఇళ్ళ కోసం కూడా ఆ యూనియన్ నిలబడింది. జర్మన్ గ్రీన్స్ వ్యవస్థాపకుల్లో ఒకరైన పెట్రా కెల్లీ 1970ల్లో ఆస్ట్రేలియా వచ్చి ఈ గ్రీన్ బ్యాన్‌లు చూసి, ఆ మాటను యూరప్‌కు మోసుకుపోయిందని బాబ్ బ్రౌన్ చాలాసార్లు చెప్పాడు. అంటే ఈరోజు ప్రపంచమంతా పార్టీల పేర్లలో ఉన్న ఆ మాట అడ్డా కూలీల నోటి నుంచి వచ్చింది. కడుపు నిండినోళ్ళు తర్వాత వచ్చారు.

1976 విచిత్రమైన సంవత్సరం. ట్రుగనిని చనిపోయి నూరేళ్ళయింది. ఆమె అస్థికలను ఆమె మనుషులు పోరాడి మ్యూజియం నుంచి తీసుకుని, దహనం చేసి, ఆ చితాభస్మాన్ని ఆమె కోరుకున్నట్టే సముద్రంలో కలిపారు. అదే ఏడాది బాబ్ బ్రౌన్ ఇంట్లో కొద్దిమంది కలిసి టాస్మానియన్ వైల్డర్‌నెస్ సొసైటీ పెట్టారు. వైల్డర్‌నెస్ అంటే మనుషుల చెయ్యి పడని అడవి. ఒక పక్క మేమున్నాం అని మూలవాసులు అంటున్నారు. ఇంకో పక్క ఇక్కడ ఎవరూ లేరు, అదే దీని అందం అనే మాటతో ఉద్యమం మొదలవుతోంది. చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనను. కానీ ఆ నైరుతిలో మైళ్ళకొద్దీ పరుచుకున్న గడ్డి మైదానాలు దానంతట అవి రాలేదు. తరతరాలుగా మూలవాసులు పద్ధతిగా నిప్పు పెట్టి పెంచుకున్న నేల అది. నల్లమలలో చెంచుల్ని లేపేసి పులుల అడవి అంటున్నవాళ్ళకు కూడా ఇదే మాట చెప్పాలి. చెంచులు ఉండబట్టే ఆ అడవి ఇన్నాళ్ళు ఉంది.

తర్వాతి యుద్ధం ఫ్రాంక్లిన్ నది మీద. గోర్డన్ నదిలో ఫ్రాంక్లిన్ కలిసేచోటుకు దిగువన హైడ్రో ఇంకో డ్యామ్ కడతానంది. ప్రీమియర్ డగ్ లోవ్ మధ్యే మార్గంగా వేరే చోట కడదాం అన్నాడు. అతన్ని సొంత పార్టీయే దింపేసింది. 1981 డిసెంబర్ 12న రెఫరెండం పెట్టారు. బ్యాలెట్‌లో రెండే గళ్ళు: ఈ డ్యామా, ఆ డ్యామా. డ్యామ్ వద్దు అనే గడి లేదు. దాదాపు మూడో వంతు మంది బ్యాలెట్ మీద పెన్నుతో 'నో డ్యామ్స్' అని రాసి పెట్టెలో వేశారు. నోటా పుట్టకముందే జనం రాసుకున్న నోటా అది. ప్రభుత్వం వాటిని చెల్లని ఓట్లు అంది. 1982లో లిబరల్ నాయకుడు రాబిన్ గ్రే గెలిచి, డ్యామ్ కట్టి తీరతానన్నాడు.

ఇంతలో నది లోయలో ఒక గుహ బయటపడింది. 1981లో పురావస్తు శాస్త్రవేత్తలు లోపల తవ్వితే రాతి పనిముట్లు, ఎముకలు, బొగ్గు దొరికాయి. మంచుయుగంలో, ఇరవై వేల ఏళ్ళ కింద మనుషులు అక్కడ బతికిన ఆనవాళ్ళు. భూమి మీద అప్పటికి మనిషి అంత దక్షిణాన ఇంకెక్కడా లేడు. గుహకు మొదట ఆనాటి ప్రధాని ఫ్రేజర్ పేరు పెట్టారు. తర్వాత కుటికినా అని మూలవాసుల పేరు వచ్చింది. మనుషులే లేని అడవి అన్న చోటే నది నడిబొడ్డున మనుషుల ఇల్లు దొరికింది. ఉద్యమకారులకు అది బలమైన ఆయుధమైంది. మూలవాసులకు అది ఆయుధం కాదు, తాతల ఇల్లు. టాస్మానియా మూలవాసుల తరఫున రోసలిండ్ లాంగ్‌ఫర్డ్ 1982లో పురావస్తు శాస్త్రవేత్తల సభలో చేసిన ప్రసంగం పేరే 'మా వారసత్వం, మీ ఆటస్థలం'. ఆ ఒక్క శీర్షిక చాలు, మిగతాది మీకే అర్థమవుతుంది.

1982 డిసెంబర్ 14న నది మీద దిగ్బంధనం మొదలైంది. రబ్బరు పడవల్లో వెళ్ళి బుల్‌డోజర్లు మోసుకొచ్చే బార్జీలకు అడ్డం పడ్డారు. 1,200 మందికి పైగా అరెస్టయ్యారు. వందల మంది బెయిల్ షరతులు ఒప్పుకోక జైలుకు పోయారు. బ్రౌన్ కూడా పోయాడు. జైలు నుంచి వచ్చిన కొద్ది రోజులకే, రాజీనామా చేసిన ఒక సభ్యుడి స్థానంలో ఎమ్మెల్యే అయ్యాడు. 1983 మార్చిలో ఫెడరల్ ఎన్నికలు. పత్రికల్లో ఫ్రాంక్లిన్ నది ఫోటో రంగుల్లో నిండు పేజీ ప్రకటనగా వచ్చింది. పీటర్ డొంబ్రోవ్‌స్కిస్ తీసిన ఫోటో, పొగమంచు, బండలు, నీళ్ళు. గొప్ప ఫోటో. అందులో మనిషి లేడు.

లేబర్ నాయకుడు బాబ్ హాక్ గెలిచాడు, డ్యామ్ ఆపే చట్టం చేశాడు. రాష్ట్రం కోర్టుకెళ్ళింది. 1983 జూలై 1న హైకోర్టు (అక్కడ దేశానికంతటికీ పై కోర్టు పేరు అదే) నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా డ్యామ్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ముఖ్య ఆధారం ప్రపంచ వారసత్వ ఒప్పందం. కానీ తీర్పులో ఇంకో ఆధారం కూడా ఉంది. ఏదైనా ఒక జాతి ప్రజల కోసం ప్రత్యేక చట్టాలు చేసే అధికారం కేంద్రానికి రాజ్యాంగం ఇచ్చింది, మూలవాసుల గుహలను కాపాడడం ఆ అధికారం కిందికి వస్తుంది అని. నదిని కాపాడిన కథలో ఆ గుహవాసుల వాటాను చాలామంది చెప్పరు. కాబట్టి నేను చెబుతున్నాను.

ఇక పార్లమెంటు రాజకీయం. దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి, మనకు అసలు పాఠం ఇక్కడుంది. టాస్మానియా దిగువ సభకు హేర్-క్లార్క్ అనే పద్ధతిలో ఎన్నికలు జరుగుతాయి. రాష్ట్రం మొత్తం ఐదు నియోజకవర్గాలు. ఒక్కో దాని నుంచి అప్పట్లో ఏడుగురు చొప్పున 35 మంది. ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరస నంబర్లు ఇస్తాడు. ఏడు సీట్లున్నచోట ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం ఓట్లు తెచ్చుకున్న మనిషి గెలుస్తాడు. మన దగ్గర 12 శాతం ఓట్లు రాష్ట్రమంతా చెల్లాచెదురుగా ఉన్న పార్టీకి సున్నా సీట్లు. అక్కడ ఐదుగురు ఎమ్మెల్యేలు కావచ్చు. తమ ఓటుతో తమ మనిషిని గెలిపించుకోవడం అనేదే 1932లో పూనాలో మన చేతి నుంచి లాక్కున్నది. ఆ తర్వాత మనకు మిగిలింది ఊరి ఓటుతో గెలిచి ఊరి మాట మాట్లాడే రిజర్వుడు ఎమ్మెల్యే. మాన్యవర్ కాన్షీరామ్ 'చంచాయుగం' అన్నది దాన్నే.

ఆ పద్ధతి వల్లే 1986లో ఇద్దరు, 1989లో ఐదుగురు 'గ్రీన్ ఇండిపెండెంట్లు' గెలిచారు. ఆ ఐదుగురిలో క్రిస్టీన్ మిల్న్ ఒకరు. పల్లెటూరి రైతు బిడ్డ, టీచరు. వెస్లీ వేల్ అనే చోట గుజ్జు మిల్లుకు వ్యతిరేకంగా రైతుల్ని, చేపలు పట్టేవాళ్ళను కూడగట్టి వచ్చింది. 1989లో లిబరల్స్ 17, లేబర్ 13, గ్రీన్స్ 5. లేబర్, గ్రీన్స్ కలిసి లిఖితపూర్వక ఒప్పందం రాసుకున్నాయి. గ్రీన్స్ మంత్రి పదవులు తీసుకోలేదు. ఆ ప్రభుత్వం రాకుండా ఆపాలని ఎడ్మండ్ రౌస్ అనే మీడియా యజమాని, కలప కంపెనీ గన్స్ చైర్మన్, ఒక లేబర్ ఎమ్మెల్యేకు 1,10,000 డాలర్లు లంచం ఇవ్వబోయాడు. ఆ ఎమ్మెల్యే జిమ్ కాక్స్ పోలీసులకు చెప్పేశాడు. రౌస్ జైలుకు పోయాడు. రిసార్టులకు బస్సుల్లో ఎమ్మెల్యేల్ని తోలుకుపోయే మనకు ఇది నీతికథలా వినిపిస్తుంది.

ఆ ఒప్పందంతో ప్రపంచ వారసత్వ ప్రాంతం బాగా పెరిగింది, సమాచార హక్కు చట్టం వచ్చింది. 1990లో చెక్కముక్కల ఎగుమతి కోటా దగ్గర లేబర్ మాట తప్పడంతో ఒప్పందం చెడింది. 1992లో రాష్ట్రాల గ్రీన్ పార్టీలు కలిసి ఆస్ట్రేలియన్ గ్రీన్స్‌గా ఏర్పడ్డాయి. ఢిల్లీలో పుట్టి జిల్లాలకు బోర్డులు తగిలించిన పార్టీ కాదది. రాష్ట్రాల పార్టీలు కట్టుకున్న సమాఖ్య. వాళ్ళ మూల సూత్రాలు నాలుగు: ప్రకృతిని తరగనివ్వకుండా బతకడం, సామాజిక ఆర్థిక న్యాయం, కింది నుంచి ప్రజాస్వామ్యం, శాంతి-అహింస. స్థానిక గ్రూపులు, వాటి ప్రతినిధులతో రాష్ట్ర సభ, నిర్ణయాలు వీలైనంతవరకు ఏకాభిప్రాయంతో. ఫ్రాంక్లిన్ ఒడ్డున పదేసి మంది గుంపులుగా కూర్చుని, అందరూ ఒప్పుకున్నాకే పడవ ఎక్కిన అలవాటు అది.

బాగుంది కదా? నాకూ బాగుంది. కానీ ఏకాభిప్రాయం వచ్చేదాకా రాత్రి పదకొండింటి వరకు మీటింగులో కూర్చోగలిగేవాడు ఎవడు? జీతం ఆగనివాడు, పిల్లల్ని చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నవాడు. చెట్లు నరికే కూలీ నైట్ డ్యూటీలో ఉంటాడు. 1986లో ఫార్మ్‌హౌస్ క్రీక్ దగ్గర చెట్లకు అడ్డం నిలబడ్డ ఉద్యమకారుల్ని ఈడ్చి పారేసింది కంపెనీ యజమానులు కాదు, నరికే కూలీలే. వాళ్ళ కోపాన్ని కంపెనీ వాడుకున్న మాట నిజం. ఆ కూలీల దగ్గరికి వెళ్ళి జాక్ మండేలా మాట్లాడగలిగిన గ్రీన్ నాయకులు తక్కువైన మాట కూడా నిజమే. మన సంఘాలకు ఎగతాళి చేసే హక్కు మాత్రం లేదు. మనకు ఏకాభిప్రాయం లేదు, ఓటింగూ లేదు. అధ్యక్షుడు అన్న మాటే తీర్మానం, నచ్చనివాడు ఇంకో సంఘం.

సామాజిక న్యాయం అన్న మాటకు వాళ్ళు నిలబడిన సందర్భం ఒకటి చెప్పాలి. టాస్మానియాలో స్వలింగ సంబంధాలు 1997 దాకా నేరం. ఆస్ట్రేలియాలో ఆ చట్టాన్ని చివరగా వదిలిన రాష్ట్రం అదే. ఏళ్ళ తరబడి పోరాటం తర్వాత ఆ మార్పు బిల్లును నెగ్గించింది గ్రీన్స్ నాయకురాలు క్రిస్టీన్ మిల్న్. ఓట్లు పోతాయని తెలిసి చేసిన పని అది. ఇలాంటప్పుడే ఒక పార్టీ సూత్రాలు గోడ మీద రాతలా, ఒంట్లో రక్తమా అన్నది తెలుస్తుంది.

ఆ పార్టీని ఎన్నికల్లో ఓడించలేక పెద్ద పార్టీలు ఏం చేశాయో చూడండి. 1998లో లేబర్, లిబరల్స్ కలిసి, ఖర్చు తగ్గిస్తున్నాం అని చెప్పి సభను 35 నుంచి 25కు కుదించాయి. నియోజకవర్గానికి ఐదు సీట్లే. గెలవడానికి కావాల్సింది 12.5 శాతం నుంచి దాదాపు 17 శాతానికి పెరిగింది. ఆ ఎన్నికల్లో గ్రీన్స్ ఓటు ఒక్క శాతం మాత్రమే తగ్గింది. సీట్లు నాలుగు నుంచి ఒకటికి పడ్డాయి. కబడ్డీలో ఆటగాడు గీత దాటుతుంటే గీతనే జరిపినట్టు. అయినా 2010లో 21 శాతం పైగా ఓట్లతో మళ్ళీ ఐదు సీట్లు తెచ్చుకున్నారు. నిక్ మెక్‌కిమ్, కాసీ ఓకానర్ లేబర్‌తో కలిసి మంత్రులయ్యారు. ఆస్ట్రేలియాలో మొదటి గ్రీన్ మంత్రులు వాళ్ళే. 2014లో జనం ఆ ప్రభుత్వాన్ని దింపేశారు, గ్రీన్స్ కూడా దెబ్బతిన్నారు. సభను తిరిగి 35కు పెంచాలని పోరాడి సాధించారు. 2024లో ఆ పెద్ద సభకు జరిగిన ఎన్నికల్లో ఐదుగురు, 2025లో మళ్ళీ ఐదుగురు గెలిచారు.

ఇప్పుడు మొదట గుర్తుపెట్టుకోమన్న చోటికి వస్తాను. కుటికినా గుహ మూలవాసుల చేతికి ఎప్పుడు వచ్చింది? డ్యామ్ ఆగిన 1983లో కాదు. గ్రీన్స్ ఒప్పందం నడిచిన 1989లో కాదు. 1995లో మూలవాసుల భూముల చట్టంతో, రిస్డన్ కోవ్‌తో సహా పన్నెండు చోట్లు తిరిగి ఇచ్చినప్పుడు. అప్పుడు అధికారంలో ఉన్నది లిబరల్ పార్టీ. ఇవ్వక తప్పని పరిస్థితి తెచ్చింది మూలవాసులు, దశాబ్దాల పోరాటంతో. గ్రీన్స్ ఆ డిమాండ్లకు మద్దతు ఇచ్చారు, ఇస్తూనే ఉన్నారు. ఆ మేరకు వాళ్ళను మెచ్చుకుంటాను. కానీ మద్దతు ఇవ్వడం వేరు, నాయకత్వం ఇవ్వడం వేరు. యాభై ఏళ్ళలో ఆ పార్టీకి రాష్ట్రంలో నాయకులైనవాళ్ళ వరస చూస్తే బ్రౌన్, మిల్న్, పెగ్ పుట్, మెక్‌కిమ్, ఓకానర్, ఇప్పుడు రోసలీ వుడ్‌రఫ్. ఆడవాళ్ళున్నారు, మంచిదే. మూలవాసులు లేరు.

పెడ్డర్ సరస్సును మళ్ళీ బయటికి తీయాలి, నీళ్ళు వదిలెయ్యాలి అనే ఉద్యమం ఇప్పుడూ నడుస్తోంది. రిజర్వాయర్ అడుగున ఆ గులాబీ ఇసుక పలచటి బురద పొర కింద చెదరకుండా ఉందని 1990ల్లో పరిశీలించినవాళ్ళు చెప్పారు. నీళ్ళు దిగితే ఆ ఒడ్డు ఎవరి పేరున రాస్తారు, నేషనల్ పార్కుకా, పలావాలకా, అన్నది నేను తమ్ముడిని తిరిగి అడిగాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అన్నా, ఆ బిల్డింగ్ కూలీల యూనియన్ గురించి ఇంకా చెప్పు" అన్నాడు.

వచ్చే భాగం జాక్ మండే మీద, గ్రీన్ బ్యాన్‌ల మీద.